క్యాంపింగ్ ట్రైలర్ కొన్న మేనల్లుడికి



అమెరికాలో సొంతంగా క్యాంపింగ్ ట్రైలర్ కొనుక్కొని, వేసవి సెలవుల్లో పిల్లలనూ, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులనూ వెంటబెట్టుకొని జాతీయ ఉద్యానవనాలకు బయలుదేరే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మేనల్లుడి కుటుంబం కూడా వాటిలో చేరుతున్నందుకు ఇంట్లో పెద్దలందరికీ సంతోషంగా ఉంది. కొత్తగా ట్రైలర్ కొన్నవారిని ఎక్కువగా వేధించేది పాతిక అడుగుల పెట్టెను వెనుక తగిలించుకొని ఫ్రీవే మీద ఎలా నడపాలన్న బెంగ. ఆ బెంగ సహజమే గాని, రోడ్డు మీద బయటపడే అనర్థాలలో చాలా వాటికి బీజం బండి ఇంటి ముందు నిలిచి ఉన్నప్పుడే పడుతుంది. అలాగే క్యాంపులో జరిగే నష్టాలు చాలావరకు అక్కడికి చేరిన మొదటి అరగంటలో, ఏ పని ముందు చేయాలో ఏది తరువాత చేయాలో తెలియక జరుగుతాయి. అందువల్ల ఈ లేఖలో స్టీరింగ్ పట్టే నేర్పు గురించి కొద్దిగాను, తూకాల గురించీ పనుల వరుస గురించీ ఎక్కువగాను ఉంటుంది.

ట్రైలర్ అమ్మేవారు పెద్ద అక్షరాలతో చూపించే అంకె డ్రై వెయిట్, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి ఖాళీ బరువు. అందులో నీళ్లు, పరుపులు, గిన్నెలు, బట్టలు ఏవీ ఉండవు. లెక్కకు పనికివచ్చే అంకె జీవీడబ్ల్యూఆర్, అంటే సామానంతా నింపిన తరువాత ఆ ట్రైలర్ మొత్తం బరువు దాటకూడని హద్దు. ఒక గ్యాలన్ నీళ్లు సుమారు 8.3 పౌన్లు తూగుతాయి కనుక, నలభై గ్యాలన్ల ట్యాంకును ఇంటి దగ్గరే నింపుకొని బయలుదేరినవారు 330 పౌన్లను ఊరికే మోసుకుపోతున్నట్టే. చేరిన చోట కొళాయి ఉంటుందని తెలిసినప్పుడు ఆ పని చేయనక్కరలేదు.

అయితే కొత్తవారు మరీ ఎక్కువగా పొరబడేది లాగే బండి విషయంలో. ఎస్‌యూవీ 5,000 పౌన్లు లాగగలదని కంపెనీ చెప్పినప్పుడు, 4,500 పౌన్ల ట్రైలర్‌ను అది తేలికగా లాగుతుందని అనుకోవడం సహజం. కాని డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద కనిపించే పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్‌లో మరొక అంకె ఉంటుంది. దానిని పేలోడ్ అంటారు, అంటే డ్రైవర్‌తో సహా మనుషులూ సామానూ కలిపి ఆ బండి తన మీద మోయదగిన గరిష్ఠ భారం. ట్రైలర్ ముక్కు భాగం బండి వెనుక కొక్కెం మీద మోపే బరువు కూడా ఈ పేలోడ్‌లోనే లెక్కకు వస్తుంది. ఉదాహరణకు పేలోడ్ 1,300 పౌన్లు ఉన్న బండిలో సగటున 150 పౌన్ల చొప్పున ఆరుగురు కూర్చుంటే 900 పౌన్లు అవుతుంది. 4,500 పౌన్ల ట్రైలర్ ముక్కు బరువు నూటికి పన్నెండు వంతున 540 పౌన్లు. కొక్కెం సరంజామా మరో 80 పౌన్లు అనుకుంటే మొత్తం 1,520 పౌన్లకు చేరుతుంది. డిక్కీలో బియ్యం బస్తా గాని, పచ్చడి జాడీ గాని పెట్టకముందే హద్దు 220 పౌన్లు దాటిపోయింది. తల్లిదండ్రులను తీసుకువెళ్లే ప్రయాణాలలోనే ఈ లెక్క తప్పుతుంది, వారిని తీసుకువెళ్లాలన్న కోరికతోనే చాలామంది ట్రైలర్ కొంటారు కనుక, ఈ కూడికను కాగితం మీద వేసి చూడకుండా ఏ కుటుంబమూ బయలుదేరకూడదు. కాగితం మీద వేసిన లెక్కను లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకుల దగ్గరి కాటా మీద సరిచూసుకోవచ్చు. క్యాట్ స్కేల్ అనే ఆ కాటా ఇరుసుల వారీగా బరువులు వేరువేరుగా చూపిస్తుంది.

ముక్కు మీద పడే ఈ భారాన్ని టంగ్ వెయిట్ అంటారు. నిండిన ట్రైలర్ బరువులో ఇది నూటికి పది నుంచి పదిహేను వంతుల మధ్య ఉండాలి. ఎడ్లబండికి వెనుక బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నిలవక పైకి లేచినట్టే, ట్రైలర్ వెనుక భాగంలో సామాను పేరుస్తే ముక్కు తేలికై, వేగం పెరిగిన కొద్దీ తోక అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. వెనుక బంపర్‌కు నాలుగు సైకిళ్లు తగిలించడం, వెనుక అరలో నీళ్ల కేసులు సర్దడం ఇలాంటి పొరపాట్లే. బరువైన వస్తువులు ఇరుసుల మీదుగా, కొంచెం ముందుకు, నేలకు దగ్గరగా ఉండాలి. ఊగడం మొదలైనప్పుడు భయంతో గట్టిగా బ్రేకు తొక్కడం గాని, ఊపుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పడం గాని ప్రమాదాన్ని పెంచుతాయి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను కదలకుండా పట్టుకొని, బ్రేక్ కంట్రోలర్ మీటను చేత్తో మెల్లగా కదిపి ట్రైలర్ చక్రాల బ్రేకులను మాత్రమే వేయాలి. బ్రేక్ కంట్రోలర్ అంటే ట్రైలర్‌లో ఉండే విద్యుత్ బ్రేకులను డ్రైవర్ చేతికి అందించే చిన్న పరికరం. అది లేని బండితో అంత బరువైన ట్రైలర్‌ను లాగడం ఏ విధంగానూ క్షేమం కాదు.

తగిలించే పనిలో చూడవలసిన మొదటి విషయం బాల్ సైజు. బండి వెనుక ఉండే ఇనుప గుండును బాల్ అనీ, ట్రైలర్ ముక్కున దాని మీద బోర్లించినట్టు కూర్చొనే టోపీ వంటి భాగాన్ని కప్లర్ అనీ అంటారు. రెండు అంగుళాల బాల్ మీద 2 5/16 అంగుళాల కప్లర్ కూర్చున్నట్టే కనిపిస్తుంది, గొళ్లెం కూడా పడుతుంది, కాని గతుకు తగిలినప్పుడు ఊడి వస్తుంది. రెండు సైజులూ వాటి మీదే ముద్రించి ఉంటాయి కనుక చదివి చూసుకోవాలి. గొళ్లెం వేసిన తరువాత ముక్కు జాక్‌తో ట్రైలర్‌ను ఒకటి రెండు అంగుళాలు పైకి ఎత్తి చూడడం మంచి పద్ధతి: బండి వెనుక భాగం కూడా దానితో పాటు లేస్తే పట్టు సరిగా పడిందన్నమాట, బండి కదలకుండా కప్లర్ ఒక్కటే లేస్తే పడలేదన్నమాట. సేఫ్టీ చైన్లను ముక్కు కింద ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద నిలుస్తుంది. బ్రేక్‌అవే కేబుల్ అనే సన్నని తీగ కూడా ఉంటుంది. ట్రైలర్ పూర్తిగా విడిపోయినప్పుడు అది లాగబడి, ట్రైలర్ బ్యాటరీతోనే బ్రేకులు పడేట్టు చేస్తుంది. దానిని గొలుసులకు చుట్టినవారు కనిపిస్తూ ఉంటారు. గొలుసులు తెగిన నాడు ఆ తీగ పనిచేయాలి కనుక దానికి బండి మీద వేరే ఆధారం ఉండాలి.

ట్రైలర్ టైర్లు కారు టైర్ల వంటివి కావు. వాటి గాలిని చల్లగా ఉన్నప్పుడే, ట్రైలర్ మీద అంటించిన పట్టీలో రాసిన కొలతకు నింపాలి. ఏడాదికి రెండు మూడు సార్లే తిరిగే టైర్లు అరగక ముందే వయసుతో చెడిపోతాయి కనుక, పక్క గోడ మీది నాలుగంకెల ముద్రలో తయారైన వారమూ సంవత్సరమూ చదువుకోవాలి. కొత్త ట్రైలర్ చక్రాల నట్లు మొదటి పది, పాతిక, యాభై మైళ్ల దగ్గర ఆగి టార్క్ రెంచితో మళ్లీ బిగించవలసినవి. వేగం విషయంలో కాలిఫోర్నియా చట్టం ట్రైలర్ లాగే బండ్లకు గంటకు 55 మైళ్ల హద్దు విధించింది. హద్దు అంతకన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రాలలో కూడా కొత్తవారు అరవై దాటకపోవడం మేలు.

ఫోన్‌లోని మ్యాప్‌కు వెనుక ట్రైలర్ ఉన్న సంగతి తెలియదు కనుక, అది ఎత్తు తక్కువ వంతెనల కిందికీ, పొడవైన బండ్లను రానివ్వని రోడ్ల మీదికీ దారి చూపవచ్చు. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తున్న రైలు వంతెన ఎన్నో లారీల పైకప్పులను చీల్చి పేరుపడగా, 2019లో దానిని ఎనిమిది అంగుళాలు పైకెత్తారు. ఎత్తిన తరువాత కూడా అక్కడ తగిలిన బండ్లు ఉన్నాయి. మోంటానాలో గ్లేసియర్ జాతీయ ఉద్యానవనం చూడబోయేవారు, అక్కడి గోయింగ్ టు ది సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగుల పొడవు దాటిన బండ్లను అనుమతించరని ముందే తెలుసుకోవాలి. ఆ లెక్కలో కారూ ట్రైలరూ కలిసి ఒకే బండి. పైకప్పు మీది ఏసీతో కలిపి ట్రైలర్ ఎత్తును టేపుతో కొలిచి, ఆ అంకెను స్టీరింగ్ ఎదుట అంటించుకోవాలి.

క్యాంపు స్థలానికి చేరిన తరువాత వరుస ముఖ్యం. సాధారణంగా చీకటి పడబోతుండగా, ఆకలితో ఉన్న పిల్లల మధ్య ఈ పనులు మొదలవుతాయి కనుకనే వరుస తప్పుతుంది; పగటి వెలుగు ఉండగా చేరేట్టు ప్రయాణం వేసుకోవడం వల్ల సగం పొరపాట్లు పుట్టవు. వెనుకకు నడిపేటప్పుడు స్టీరింగ్ కింది భాగాన చెయ్యి వేసి పట్టుకుంటే, చెయ్యి ఏ వైపు కదిలితే ట్రైలర్ వెనుక భాగం ఆ వైపే పోతుంది. సైగ చేసే మనిషి డ్రైవర్‌కు అద్దంలో ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. స్థలంలో నిలిపాక, బండి నుంచి ఇంకా విడదీయకముందే, పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద దిమ్మలు వేసి కుడి ఎడమలు సమం చేయాలి. తరువాత చక్రాలకు ముందూ వెనుకా అడ్డు దిమ్మలు పెట్టాలి. అప్పుడే కప్లర్ విప్పాలి. అడ్డు పెట్టకుండా గొళ్లెం తీసిన ట్రైలర్ ఏటవాలు నేల మీద కదిలిపోతుంది, దానిని చేతులతో ఆపగలిగే మనిషి ఉండడు. విప్పిన తరువాత ముక్కు జాక్‌తో ముందు వెనుకలు సమం చేసి, చివరికి నాలుగు మూలల స్టెబిలైజర్లను నేలకు ఆనించాలి. ఇవి లోపల నడిచేటప్పుడు కుదుపు తగ్గించడానికి ఉన్నవి. వీటితో ట్రైలర్‌ను పైకి ఎత్తబోతే చట్రం వంగి తలుపులు పట్టేస్తాయి.

కరెంటు స్తంభం దగ్గర బ్రేకర్ ఆపి ఉంచి, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, తరువాతే వైరు తగిలించి బ్రేకర్ వేయాలి. ముప్ఫై ఆంపియర్ల ట్రైలర్‌కు 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లే అందుతాయి. ఏసీ నడుస్తుండగా 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి మీద పప్పు ఉడికించి, పక్కనే మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ పడిపోక తప్పదు. వంట చేసే అరగంట ఏసీ ఆపడమో, గ్యాస్ పొయ్యి వాడడమో చేయాలి. ఆ గ్యాస్ పొయ్యిని గాని బొగ్గుల కుంపటిని గాని చలి కాచుకోవడానికి లోపల వెలిగించడం మాత్రం ఎప్పుడూ చేయరాదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నీటి గొట్టానికి ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించకపోతే, క్యాంపు కొళాయి ఒత్తిడికి లోపలి సన్నని పైపులు చీలవచ్చు. వేడినీటి ట్యాంకు నిండకముందే హీటర్ విద్యుత్ స్విచ్ వేస్తే, లోపలి ఎలిమెంట్ క్షణాల్లో కాలిపోతుంది. కనుక వేడినీటి కొళాయి నుంచి నీళ్లు ధారగా వచ్చాకే వేయాలి. గంజి, నూనె, అన్నం మెతుకులు సింకులో పోయకుండా వేరే డబ్బాలో పట్టి పారవేయాలి. మరుగుదొడ్డి నీరు చేరే బ్లాక్ ట్యాంకు వాల్వును మురుగు గొట్టం తగిలించామన్న ధైర్యంతో తెరిచి ఉంచేవారు ఉన్నారు. అప్పుడు ద్రవమంతా కారిపోయి, మలం గట్టిపడి గుట్టగా మిగిలిపోతుంది. ట్యాంకు నిండే వరకు వాల్వును మూసి ఉంచి, ముందు ఆ ట్యాంకును ఖాళీ చేసి, తరువాత స్నానపు నీరున్న గ్రే ట్యాంకును వదిలితే గొట్టం కడుక్కుపోతుంది. ఖాళీ అయిన బ్లాక్ ట్యాంకులో మళ్లీ కొన్ని గ్యాలన్ల నీళ్లు పోసి పెట్టాలి.

మొదటి ప్రయాణాన్ని యెల్లోస్టోన్‌కు కాకుండా ఇంటికి గంట దూరంలోని స్టేట్ పార్కుకు, రెండు రాత్రుల కోసం పెట్టుకోవడం మంచిది. వెనుకకు నడపనక్కరలేకుండా ఒక వైపు ప్రవేశించి మరో వైపు బయటపడే పుల్ త్రూ స్థలాన్ని, కరెంటూ నీరూ మురుగు కనెక్షనూ మూడూ ఉన్న ఫుల్ హుకప్‌ను ఎంచుకోవాలి; ఇల్లు దగ్గరే కనుక ఏది పనిచేయకపోయినా ఇంటి నుంచి పనిముట్టు తెచ్చుకొనే వీలుంటుంది. పెద్దవారిని రెండో ప్రయాణంలో తీసుకువెళ్లవచ్చు.

ఇట్లు,
శుభం కోరే మేనమామ