తొట్టి, బావి, ఊట

నలభై ఏళ్ళ పాటు విశాఖ చుట్టుపక్కల కొండలెక్కాను. నా ఉద్యోగం ఉక్కు ఫ్యాక్టరీలో, ఫర్నేసుల లోపల రిఫ్రాక్టరీ ఇటుక పేర్చే పని. ఒక్క రోజు సెలవు దొరికితే తొట్లకొండో బావికొండో, రెండు రోజులు దొరికితే కిరండోల్ పాసింజరెక్కి అరకు వైపో వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఆదివారం పూట మా కాలనీ పిల్లలు కొండకు బయల్దేరుతూ, “తాతగారూ, అక్కడ ఏం చూడాలి?” అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు నీళ్ళెక్కడున్నాయో చూడండి.

కొండెక్కగానే అందరూ సముద్రం వైపు తిరుగుతారు. నేను నేల వైపు చూడమంటాను. తొట్లకొండకు ఆ పేరు స్తూపం వల్ల రాలేదు, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. బావికొండకు బావుల వల్ల వచ్చింది. భీమిలిలో నరసింహస్వామి కొండ అని కూడా పిలిచే పావురాళ్ళకొండ మీద పదహారు తొట్లున్నాయి. వానాకాలమంతా ఒకేచోట ఉండాలన్నది బౌద్ధ భిక్షువుల నియమం. వానలు వెళ్ళాక మిగతా నెలల మాటేమిటి? కొండ మీద నది లేదు, చెరువు లేదు. వాన నీరు ఏ వాలు మీదుగా జారుతుందో ఏళ్ళ తరబడి గమనించిన మనిషే ఆ తొట్టి ఎక్కడ తొలవాలో చెప్పగలడు. అందుకే అక్కడి స్తూపం కంటే తొట్టి ముందు ఎక్కువసేపు నిలబడతాను.

1976లో నౌకాదళం విమానం మీంచి సర్వే చేస్తున్నప్పుడు తొట్లకొండ శిథిలాలు బయటపడ్డాయి. 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. స్తూపం, విహారాల గదులు, భోజనశాల, శాతవాహనుల నాణేలు, రోము నాణేలు కూడా దొరికాయి. రోము నాణెం అక్కడికెలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఎదురుగా కనిపించే సముద్రమే. మన రేవు 1933లో తెరుచుకుంది గానీ, ఈ తీరం మీద ఓడల రాకపోకలు అంతకు చాలా శతాబ్దాల ముందువి.

2. రాయిని నమ్మే ముందు తట్టి చూడండి.

ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. తొలవడానికి అనువైనదే గానీ, ఎండా వానా తగిలిన చోట ఎర్రగా పొడిబారి పెచ్చులూడుతుంది. గట్టిగా కనిపించిన అంచు అడుగు వేయగానే ఊడి వస్తుంది. వాన కురిసిన మర్నాడు కొండ అంచుకు పోవద్దు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీదికి అసలే ఎక్కవద్దు. ఒక్కో పాదం కింద ఎంత మట్టి జారిపోతుందో కింద నిలబడి చూస్తే తెలుస్తుంది.

3. మధ్యాహ్నానికి దిగిపోండి. ఏప్రిల్, మే నెలల్లో పడమట మబ్బు లేచిందంటే పిడుగు వెనకే ఉంటుంది. బోడి శిఖరం మీద అందరికంటే ఎత్తుగా ఉండేది మనిషే. ఇందులో వాదనకు చోటు లేదు.

4. ఊరి పేరును విడదీసి చూడండి.

అనకాపల్లి దగ్గర సంకరం ఉంది. బెల్లం మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళు ఎందరో ఆ పక్కనుంచే పోతారు గానీ ఆగరు. సంకరం అంటే సంఘారామం, బౌద్ధ భిక్షువుల నివాసం. ఆ మాటే జనం నోట నలిగి చిన్నదైంది, అంతే. పక్కపక్కన రెండు కొండలు, బొజ్జన్నకొండ, లింగాలకొండ. అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి 1906 నుంచి 1908 వరకు అక్కడ తవ్వించాడు. సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణేలు దొరికాయి. లింగాలకొండ మీద రాతిలోనే వరసలు వరసలుగా చెక్కిన చిన్న స్తూపాలుంటాయి. వాటిని చూసిన జనం శివలింగాలనుకున్నారు. పేరు అలా వచ్చింది.

కనుమ రోజున అక్కడ తీర్థం జరుగుతుంది. ఒకప్పుడు ఆ రోజున అక్కడ బొజ్జలా ఉన్న రూపాన్ని రాక్షసుడనుకొని రాళ్ళు రువ్వేవారు. చరిత్ర తెలిసినవాళ్ళు ఊళ్ళో చెప్పీ చెప్పీ మాన్పించారు. ఆ జనాన్ని నేను తప్పుపట్టను. కట్టినవాళ్ళు వెళ్ళిపోయారు, ఎవరికోసం కట్టారో చెప్పేవాళ్ళూ మిగల్లేదు. అయినా ఊరు ఆ కొండను వదిలిపెట్టలేదు, ఏటా ఎక్కుతూనే ఉంది. పేరులోనూ తీర్థంలోనూ ఎంతో కొంత నిలబెట్టుకుంది. కాబట్టి శిథిలాల దగ్గర బోర్డు చదివాక, పశువులు కాసే ముసలాయన కనిపిస్తే కాసేపు కూర్చోండి.

5. శిఖరానికి పోయే దారి ఒకరి పొలం.

పాడేరు, అరకు మధ్య ఉన్న అర్మకొండ ఎత్తు 1680 మీటర్లు. ఒడిశాలోని దేవమాలి 1672. ఈ ఎనిమిది మీటర్ల మీద నా స్నేహితులు ఎన్ని రాత్రులు వాదించుకున్నారో! నాకు మాత్రం అక్కడి దారే ముఖ్యం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ. నవంబరు వచ్చిందంటే పండ్లు ఎరుపెక్కుతాయి. ఆ పండు కోసి నోట్లో వేసుకోవద్దు, కొమ్మ వంచి ఫోటో దిగవద్దు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరబికా అది, ప్యారిస్‌లో కొట్టు పెట్టి అమ్ముతున్న కాఫీ అది. కోసేవాళ్ళకు మాత్రం ఆ గుప్పెడు పండ్లే ఇంటి ఖర్చు.

6. గూడెంలో ఇచ్చినంత తీసుకోండి.

గిరిజన ఏజెన్సీ గూడేల్లో కల్లు ఇచ్చేది జీలుగు చెట్టు. జీలుగు చెట్టు తన ఆయుష్షులో ఎక్కువ భాగం పూయకుండానే పెరుగుతుంది. తర్వాత అన్నిటికంటే పై గెల ముందు పూస్తుంది, ఆ తర్వాత ఒక్కొక్కటే కిందికి. ఆఖరి గెల అయిపోతే చెట్టూ అయిపోతుంది. ఏ గెల ఎప్పుడు కోయాలి, కుండ ఎంతసేపు ఉంచాలి అన్నది కల్లు దించే మనిషికి చేతి లెక్క. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది.

ఒకసారి ఏజెన్సీలో ఓ పెద్దాయన నాకు అడ్డాకు దొప్పలో జీలుగు కల్లు పోసి ఇచ్చాడు. పక్కన చోడి అంబలి. తాగాక ఇంకొంచెం అడిగాను. ఆయన కాదనలేదు గానీ కుండను వంచి చూపించాడు, అడుగున ఇంకో దొప్పెడే ఉంది. అది ఆయన ఇంట్లోవాళ్ళది. ఆ రోజు నుంచి రెండోసారి అడగడం మానేశాను. గెడ్డ దగ్గరా అంతే. వాళ్ళు తాగే ఊటలో కాళ్ళు కడుక్కోవద్దు, సబ్బు ముట్టించవద్దు.

7. చెట్టు పోతే కొండ ఏమవుతుందో నేను చూశాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. మర్నాడు కైలాసగిరి, సింహాచలం కొండ మాడినట్టు గోధుమ రంగులో ఉన్నాయి. కొమ్మలు విరిగాయి, మిగిలిన వాటికి ఆకు లేదు. ఏజెన్సీలో కాఫీకి నీడనిచ్చే ఓక్‌లు వేలకొద్దీ పడ్డాయి. తర్వాతి వానలకు వాగులన్నీ ఎర్రగా పారాయి. వేళ్ళు పట్టుకున్నంత కాలమే మట్టి కొండ మీద ఉంటుంది.

8. ఒక్క ఇటుకైనా కదపవద్దు.

ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తవ్వకాలు జరగని ఓ కొండ మీద మట్టిలోంచి పొడుచుకొచ్చిన ఇటుక ఒకటి చూశాను. మన ఇళ్ళ ఇటుకకు దాదాపు రెండింతల పొడవు. ఒక మూల తయారుచేసినవాడి వేళ్ళ గుర్తులున్నాయి. ఇటుకే నా వృత్తి కదా, మనసు ఆగలేదు, సంచిలో వేసుకొచ్చాను. పెరట్లో తులసి కుండ కింద పెట్టాను. మా అమ్మ చూసి, “ఎవరి ఇంటిదిరా ఇది?” అంది. జవాబు చెప్పలేకపోయాను.

గోదావరి అని పేరు పెట్టిన మా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో మొదలైంది. అప్పటికి ఇటుక వరసలో ఒక్క సందు వదిలితే ఏమవుతుందో చేతులతో నేర్చుకున్నాను. ఫర్నేసులో ఆ సందులోకి వేడి దూరుతుంది, కొండ మీద నీళ్ళు దూరతాయి. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపం ఒక పక్క కూలిందని పేపర్లో చదివిన రోజున నా ఇటుక గుర్తొచ్చింది. తులసి కుండ పక్కన పెట్టి, దాని కిందున్న ఇటుకను కడిగి, మోసుకుంటూ, నేను దాన్ని తెచ్చిన కొండెక్కాను.

నేను తీసిన చోట ఇప్పుడు మనిషి పట్టేంత గొయ్యి ఉంది. వాన నీరు అక్కడినుంచే లోపలికి దిగి, ఆ పక్కనున్న వరసలన్నిటినీ కిందికి లాగేసింది. ఇటుకను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అది ఆనుకుని ఉండిన వరసే అక్కడ లేదు. గొయ్యి అడుగున, వేళ్ళ గుర్తులున్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి, మట్టి కప్పి వచ్చాను.