ఒక పదం – రెండు అనువాదాలు

'ఫైల్' అనే ఆంగ్ల పదానికి మూలం దారమని అర్థమిచ్చే 'ఫీలుం' అనే లాటిన్ పదం. పూర్వం పత్రాలను దారానికి గుచ్చి భద్రపరచేవారు. కంప్యూటరు వచ్చిన పిమ్మట, ఒక పేరుతో నిలువ చేసిన సమాచారానికి అదే సాంకేతిక పదమైంది. కాగితాల కట్టకు చెల్లిన 'దస్త్రం' తెలుగులో ఈ అర్థాన్ని సంతరించుకొన్నట్లే, పోర్చుగీసులోనూ పాత పదాలకు కొత్త అర్థాలు కలిగాయి. పోర్చుగల్ వారు చీటీల పెట్టెను తెలిపే 'ఫిషెయిరు'ను గ్రహించారు. బ్రెజిల్ వారు 'అర్కీవు'ను స్వీకరించారు. పోర్చుగల్‌లో ఈ రెండవ పదం ప్రధానంగా పత్ర భాండాగారాన్ని సూచిస్తుంది.

1990లో లిస్బన్‌లో కుదిరిన ఒప్పందం వర్ణక్రమాన్ని చేరువ చేసినదే గాని, పదజాలాన్ని ఏకం చేయలేదు. 'అర్కీవును తొలగించండి' అన్న బ్రెజిల్ సూచన లిస్బన్ పాఠకుణ్ణి సందేహంలో పడవేయవచ్చు. కావున అనువాదకుడు భాషతోపాటు పాఠకుని దేశాన్నీ ఎరిగి ఉండాలి.