వరద కర్ర... చేపల తొట్టిలో వేసే ముందు

వరద తీశాక గోదావరి గట్ల వెంట, లంకల్లో కొట్టుకొచ్చిన కర్రలు, వేళ్లు మేటల్లో చిక్కుకుని కనిపిస్తాయి. చాలావరకు పొయ్యిలోకే పోతాయి. వంకరలు తిరిగిన వేరుముక్క ఒకటి ఇంట్లో అక్వేరియంలో పెడితే చూపుకు అందం, చేపలకు చాటు. అయితే తెచ్చింది తెచ్చినట్టు నీళ్లలో పడేస్తే చేపలకే ముప్పు.

ఎంపిక: బాగా ఎండిన, చేవగల ముక్క తీసుకోవాలి. గోరు దిగేది, పుచ్చినది పనికిరాదు. పాలుకారే జెముడు, జిల్లేడు, విషపు గన్నేరు జోలికి పోవద్దు. రంగు, తారు, పురుగుమందు తగిలిన కర్ర అసలే వద్దు. కర్ర కోసం వరద నీటిలో దిగకండి. కోరింగ మడ అడవిలో, రిజర్వు అడవుల్లో ఏరకూడదు.

శుభ్రం చేయడం: బెరడు, మెత్తబడిన భాగాలు చాకుతో గీకేయాలి. గట్టి బ్రష్‌తో మట్టి వదలగొట్టాలి. సబ్బు, డిటర్జెంటు వాడరాదు. కర్ర పీల్చుకుని తర్వాత నీళ్లలోకి వదులుతుంది. గంగాళంలో ముంచి గంట, రెండు గంటలు మరిగించాలి. పురుగు, గుడ్లు చస్తాయి, లోపలి గాలి పోతుంది.

నానబెట్టడం: ఆ తర్వాత బకెట్లో నానేసి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చాలి. నీళ్లు టీ డికాషన్‌లా మారితే కంగారుపడొద్దు. అది కర్రలోని టానిన్. చేపలకు హాని లేకున్నా నీటి ఆమ్లగుణం కాస్త పెరుగుతుంది. తోళ్లు ఊనడానికి వాడే తుమ్మ అయితే రంగు మరీ ఎక్కువ. రంగు తగ్గి, కర్ర దానంతటదే మునిగేదాకా ఆగాలి. రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. సముద్రపు ఒడ్డున దొరికిందయితే ఉప్పు పోవాలి కాబట్టి ఇంకా ఎక్కువ కాలం నానాలి.

ఎంతకీ మునగకపోతే పలకరాయికి తుప్పుపట్టని స్టీలు స్క్రూతో బిగించండి. ఇనుప మేకు వద్దు.

తొట్టిలో పెట్టిన మొదటి వారాల్లో కర్రపై తెల్లని జిగురు బూజు కట్టడం మామూలే. తీసి, బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు. కానీ కర్ర కుళ్లు వాసన వేసినా, చేపలు పైకి వచ్చి గాలికి నోరు తెరిచినా వెంటనే కర్ర బయటకు తీసి, మూడోవంతు నీళ్లు మార్చాలి. నాలుగు వారాల ఓపికకు వెనకాడితే, ఏళ్ల తరబడి పెంచుకున్న చేపలు ఒక్క రాత్రిలో పోవచ్చు.