నోరు మెదపని బిడ్డకు ఒక జట్టు



ఈ పేజీలో మామూలుగా రక్తపోటు గురించో, షుగరు గురించో, బాలింతల ఆహారం గురించో రాస్తుంటాము. ఈ నెల ఆటల గురించి రాస్తున్నామంటే "సిస్టరమ్మకు పని తక్కువైనట్టుంది" అని కొందరు నవ్వుకోవచ్చు. కానీ మా ఓ.పి. బల్ల ముందు కూర్చునే పిల్లలను చూసి చూసి ఇది రాయాలనిపించింది.

గోస్పాడు, యాళ్లూరు, దీబగుంట్ల, జిల్లెల్ల వైపు నుండి తల్లులు పిల్లలను తీసుకొస్తారు. "ఎక్కడ నొప్పి పాపా?" అని మేము బిడ్డను అడుగుతాము. జవాబు తల్లి చెబుతుంది. "ఎన్ని రోజుల నుండి?" మళ్లీ తల్లే. బిడ్డ తల వంచుకొని చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. "ఏమడిగినా నోరు మెదపదు సిస్టరమ్మా, శానా సిగ్గు" అని ఆ తల్లి కొంచెం గర్వంగా కూడా చెబుతుంది. సిగ్గరి ఆడపిల్ల అంటే మంచి పిల్ల అనే మాట మన వైపు ఇంకా పోలేదు. అదే మగపిల్లవాడైతే "మొద్దు" అని పేరు పెడతాము.

సిగ్గు జబ్బు కాదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే నెమ్మదస్తులు. పది మందిలో చొరవగా కలవరు, ముందు చూస్తారు, తరువాత మాట్లాడతారు. అటువంటి పిల్లలను మార్చి గలగల మాట్లాడేవారిగా చేయనక్కర లేదు. అయితే అవసరమైనప్పుడు కూడా నోరు తెరవలేని బిడ్డ విషయం వేరు. పాఠం అర్థం కాలేదని అడగలేదు, బస్సులో ఎవరైనా తప్పుగా తాకినా చెప్పలేదు, ఒంట్లో బాగాలేకపోయినా చెప్పలేదు. నర్సులుగా మాకు భయం కలిగించేది ఆ చివరిదే.

మూడేళ్ల క్రితం జరిగిన ఒక సంగతి చెబుతాము. తల్లి అనుమతితో, ఎవరూ గుర్తు పట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాము.

కుందూ ఒడ్డున ఉన్న ఒక ఊరి నుండి తొమ్మిదో తరగతి అమ్మాయిని తీసుకొచ్చారు. ఉదయం పూట కడుపునొప్పి. సోమవారం ఎక్కువ, ఆదివారం తక్కువ. మూత్రపరీక్ష చేయించాము, ఏమీ లేదు. "నెలసరి సరిగా వస్తోందా?" అని అడిగాము. ఎక్కడ అడిగామంటే, వరండాలో, పది మంది రోగుల ముందు. ఆ అమ్మాయి తల ఊపింది. బడి అంటే భయం వల్ల వచ్చిన నొప్పి అని తేల్చుకొని, గ్యాసు మాత్రలు ఇచ్చి, "ధైర్యంగా ఉండాలమ్మా" అని చెప్పి పంపించాము. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతోమందికి ఈ మాట చెప్పాము. ధైర్యం మాత్రల సీసాలో దొరికే వస్తువైనట్టు!

ఏడెనిమిది నెలల తరువాత అదే అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి తల్లి లేదు. మోకాలు గీరుకుపోయి రక్తం కారుతోంది, పక్కన ఇద్దరు స్నేహితురాళ్లు ఉన్నారు. "ఖోఖో ఆడతా పడినాను సిస్టర్" అని తానే చెప్పింది. మేము పుండు కడుగుతున్నాము. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి దాన్ని మోచేత్తో పొడిచి "అది కూడా చెప్పవే" అంది. కాసేపు ఆగింది. తరువాత నేల వైపు చూస్తూనే, కానీ మాకు వినబడేటట్టుగా చెప్పింది: నెలసరి తొమ్మిది పది రోజులు ఉంటోందని, గుడ్డలు చాలడం లేదని, పరుగెత్తితే కళ్లు తిరుగుతున్నాయని. ఏడాదిన్నరగా అలాగే ఉందట. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఆ వయసు అమ్మాయికి 12 ఉండాలి.

మొదటిసారి మేము ఆ పరీక్ష చేయించి ఉండవలసింది. ఆ తప్పు మాదే. ఇప్పుడు నెలసరి సంగతి ఏ బిడ్డనైనా తలుపు వేసిన గదిలో, ఒక్కతినే కూర్చోబెట్టి అడుగుతున్నాము.

ఇంతకీ ఆ ఏడెనిమిది నెలల్లో ఏమి జరిగింది? తరువాత కనుక్కున్నాము. ఎవరూ ఆమెకు ఉపదేశం చేయలేదు. మండల పోటీలకు జట్టులో ఒక మనిషి తక్కువైంది. డ్రిల్లు సారు ఈమెను చూసి "నువ్వు వచ్చి ఆ వరుసలో కూర్చో" అన్నారు. అంతే.

ఖోఖో ఆడినవారికి ఆ వరుస గుర్తుండే ఉంటుంది. ఎనిమిది మంది వరుసగా గొంతుక్కూర్చుంటారు, ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి. తొమ్మిదో మనిషి తరుముతుంది. ఆమె అలసిపోయినా, అందక పోయినా కూర్చున్న మనిషి వెనుకకు వచ్చి వీపు తట్టి "ఖో" అనాలి. అనకపోతే లేవకూడదు. తట్టి ఊరుకుంటే తప్పు, మాట లేకుండా ఆట నడవదు. సిగ్గరి బిడ్డకు ఇంతకన్నా మంచి ఏర్పాటు మాకు తెలియదు. ఉపన్యాసం ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. ఒకే ఒక అక్షరం, సరిగ్గా సమయానికి, గట్టిగా. అది అనగానే ఇంకొక మనిషి లేచి పరుగెత్తుతుంది. తన నోటి మాటకు లోకంలో ఒక పని జరుగుతుందని ఆ బిడ్డకు మొదటిసారి తెలుస్తుంది.

కబడ్డీలో కూడా అంతే. కూత ఆగితే అవుటు. వాలీబాల్‌లో బంతి ఇద్దరి మధ్యకు వస్తే "నాది" అని ఎవరో ఒకరు అరవాలి, లేకపోతే ఇద్దరూ చూస్తుండగా బంతి నేల పడుతుంది. ఈ మాటలు తన గురించి చెప్పుకునే మాటలు కావు, జట్టు కోసం అనే మాటలు. సిగ్గరి పిల్లలకు కష్టమంతా అందరి చూపూ తమ మీద పడటంలోనే ఉంది. ఆటలో చూపంతా బంతి మీద ఉంటుంది.

మేము వైద్యం వైపు నుండి చెప్పవలసిన మాట ఒకటుంది. భయం వేసినప్పుడు శరీరం అడ్రినలిన్ అనే రసాన్ని విడుదల చేస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండిపోతుంది, కడుపులో తిప్పుతుంది. క్లాసులో లేచి నిలబడినప్పుడు ఇవన్నీ జరిగితే బిడ్డ "నాకేదో అయిపోతోంది" అనుకొని కూర్చుండిపోతుంది. పరుగెత్తినప్పుడు కూడా గుండె అలాగే కొట్టుకుంటుంది, చెమట అలాగే పడుతుంది. కానీ అప్పుడు పక్కన స్నేహితులు ఉంటారు, నవ్వు ఉంటుంది, కాసేపటికి అదే తగ్గుతుంది. రోజూ అలా జరిగితే, గుండె దడ ప్రమాదం కాదని శరీరానికే అర్థమవుతుంది. మనము మాటలతో నేర్పలేనిది ఇది.

పి.వి. సింధు సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఆమె తల్లిదండ్రులు రమణ గారు, విజయ గారు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడినవారు. అటువంటి ఇంట పుట్టిన సింధు కూడా కోర్టులో గొంతు ఎత్తని నెమ్మదైన అమ్మాయే. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు గురువు పుల్లెల గోపీచంద్ గారు అకాడమీలో కోర్టు మధ్యన నిలబెట్టి, తోటి ఆటగాళ్లందరి ముందు గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్టు ముట్టుకోవద్దన్నారు. ఆమె ఏడ్చిందట, అయినా చివరికి అరిచింది. ఆ ఏడాది రియోలో, ప్రతి పాయింటుకూ కేక పెట్టే కరోలినా మారిన్‌తో ఫైనల్ ఆడి, వెండి పతకంతో వచ్చింది. 2019లో ప్రపంచ విజేత అయింది.

ఈ కథ విని ఏ తండ్రైనా బిడ్డను వీధిలో నిలబెట్టి అరవమంటే మాత్రం మేము ఒప్పుకోము. గోపీచంద్ గారు ఏళ్ల తరబడి ఆ అమ్మాయికి రోజూ ఆట నేర్పిన గురువు. చుట్టూ ఉన్నవారు రోజూ ఆమెతో కలిసి చెమటోడ్చిన పిల్లలు. బాడ్మింటన్ ఒంటరి ఆటే అయినా అక్కడున్నది ఒక జట్టే. ఆ నమ్మకం లేనిచోట అదే పని అవమానమవుతుంది.

అంగవైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు "మా బిడ్డ ఆటలేమి ఆడుతుంది" అంటుంటారు. 2025 నవంబరులో అంధ మహిళల టి20 ప్రపంచకప్ మొట్టమొదటిసారిగా జరిగింది, మన భారత జట్టే గెలిచింది. కెప్టెన్ దీపిక మన రాష్ట్రంలో మడకశిర ప్రాంతపు అమ్మాయి. పాడేరు వైపు నుండి కరుణకుమారి అనే అమ్మాయి కూడా ఆ జట్టులో ఉంది. ఆ క్రికెట్‌లో బంతి గలగలమంటుంది. బౌలరు "రెడీనా" అని అడిగి, బ్యాటరు బదులు చెప్పిన తరువాతే, "ప్లే" అని అరుస్తూ బంతి వేయాలి. చూపు లేనిచోట ఆటంతా గొంతు మీదనే నడుస్తుంది.

మన పక్కనే ఉన్న కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరు 2న వన్డే ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నదని పేపర్లలో చదివారు కదా. అయితే మీ బిడ్డ అంత దూరం పోవాలని మేము ఈ వ్యాసం రాయడం లేదు. జట్టులో చివరి మనిషైనా ఫరవాలేదు.

ఇక పెద్దల సందేహాలు. "ఎండకు నల్లబడుతుంది." నల్లబడనివ్వండి. "చదువు పాడవుతుంది." ఐదు నుండి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు వంచే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర పదో తరగతి వచ్చేసరికి ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్ మింగేస్తుంది. "పెద్దమనిషి అయింది, ఇంకా ఆటలేమిటి." ఈ మాటకు మాకు నిజంగా బాధ కలుగుతుంది. సరిగ్గా సిగ్గు ముదిరే వయసులోనే జట్టు నుండి తీసేసి ఇంట్లో కూర్చోబెడుతున్నాము. నెలసరి రోజుల్లో కూడా ఓపిక ఉంటే ఆడవచ్చు, దానివల్ల ఏ హానీ లేదు. ఓపిక లేకుండా పోతోందంటే రక్తం తక్కువేమో చూపించండి.

ఆ అమ్మాయికి డాక్టరుగారు ఐరన్ మాత్రలు, రక్తస్రావానికి మందు ఇచ్చారు. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే ఐరన్ మాత్రను వాంతి వస్తుందని పారేసేదట. చాలామంది పిల్లలు అదే చేస్తున్నారు. అన్నం తిన్న తరువాత వేసుకుంటే అంత వికారం ఉండదు. మాత్ర వేసుకొని టీ తాగకూడదు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండుకున్న తోటకూర, మునగాకు, వారానికి ఒకసారి కాలేయం, రాగిసంకటి ఇవి చాలు, టానిక్కుల మీద డబ్బు తగలేయవద్దు.

రెండు నెలలు పరుగెత్తవద్దని మేమే చెప్పవలసి వచ్చింది. మళ్లీ ముడుచుకుపోతుందేమోనని భయపడ్డాము. డ్రిల్లు సారు తెలివైనవారు. జట్టులో నుండి తీయలేదు, స్కోరు పుస్తకం చేతికిచ్చి గీత దగ్గర కూర్చోబెట్టారు. పాయింట్లు పైకి చదివే పని కూడా ఆమెకే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినే ఎంచుకోమనే పద్ధతి మానండి. చివరిదాకా ఎవరూ ఎంచుకోని బిడ్డ అలా నిలబడి ఉండటం చూశాము. అటువంటి జట్టు మేలు చేయదు సరికదా, ఉన్న గొంతు కూడా పోతుంది. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టి విడదీయండి. తప్పు ఆడితే ఎగతాళి చేసే పెద్ద పిల్లలను అదుపులో పెట్టండి. బిడ్డ "ఆ సారు దగ్గరకు పోను" అంటే సిగ్గు అనుకోకుండా ఎందుకో నెమ్మదిగా కనుక్కోండి.

ఆట కూడా సరిపోని సందర్భాలు ఉంటాయి. ఇంట్లో చక్కగా మాట్లాడే బిడ్డ బడిలో నెలల తరబడి ఒక్క మాటైనా మాట్లాడకపోతే, వారాల తరబడి బడికి పోనని ఏడిస్తే, నిద్ర, తిండి తగ్గితే, లేదా చావు మాటలు మాట్లాడితే అది వట్టి సిగ్గు కాదు. ఆలస్యం చేయక డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

దెబ్బల గురించి క్లుప్తంగా: గీరుకుంటే సబ్బు, నీళ్లతో కడగండి, కాఫీపొడి, పసుపు అద్దకండి. మడమ బెణికితే మొదటి రెండు రోజులు నూనె పెట్టి రుద్దవద్దు, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి కాలు ఎత్తులో ఉంచండి. పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ సూది వేయించారో లేదో చూసుకోండి. ఉగాది దాటితే మన నంద్యాల ఎండ సంగతి తెలిసిందే, సాయంత్రం ఐదు దాటాకే మైదానం. ఖాళీ కడుపుతో పంపవద్దు. గుప్పెడు ఉడికించిన శనిక్కాయలు, ఒక అరటిపండు పెట్టండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇప్పటికీ నెమ్మదస్తురాలే, అవసరమైతే తప్ప మాట్లాడదు. మొన్న వాళ్ల ఊరి బడిలో ఆడే ఏడో తరగతి పాపను వెంటబెట్టుకొని వచ్చింది. పాప వేలు వాచింది. "ఎప్పుడు తగిలింది పాపా?" అని అడిగాము. పాప తల వంచుకుంది. అలవాటు కొద్దీ మేము పెద్దమ్మాయి వైపు తిరిగాము.

"ఆమే చెప్తాది సిస్టర్," అంది. "కొంచేపు ఆగండి."

ఆగాము.