ఈ బూడిద రంగు ఏ బూడిద రంగు?

5 అంటే ఏ రంగు? లెగో ముక్కలు సేకరించే ముగ్గురిని అడగండి, మూడు జవాబులు రావచ్చు. కంపెనీ సొంత లెక్కలో 5 అంటే ‘బ్రిక్ యెల్లో’, మన గంధం రంగుకి దగ్గరగా ఉంటుంది. విడి ముక్కలు కొనే, అమ్మే బ్రిక్‌లింక్‌లో 5 అంటే ఎరుపు. ఏ సెట్‌లో ఏ ముక్కలున్నాయో చూపించే రీబ్రికబుల్‌లో 5 అంటే డార్క్ పింక్. ముగ్గురూ కరెక్టే! ఎవరైనా “5వ రంగులో నలభై ముక్కలు కావాలి” అంటే, ముందు మనం అడగాల్సింది “ఎవరి 5?” అని.

ఈ గోల నాకెందుకంటే, మా పెద్దమ్మ వాళ్ళ అబ్బాయి డల్లాస్ నుంచి రెండు పెద్ద డబ్బాల నిండా లెగో పంపాడు. తొంభైల చివర్లో తనకి కొన్నవి, ఆ తర్వాత తమ్ముడికి కొన్నవి, అన్నీ కలిసిపోయాయి. “రంగులవారీగా ఏరి అమ్మిపెట్టరా, వచ్చినదాంట్లో సగం నీది” అన్నాడు అన్నయ్య. ఎరుపు, నలుపు, తెలుపు ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. బూడిద రంగు దగ్గర బండి ఆగింది.

ముందు పేర్ల సంగతి. కంపెనీ చాలా రంగులకి వస్తువుల పేర్లు పెడుతుంది: బ్రిక్ యెల్లో, శాండ్ యెల్లో, ఎర్త్ గ్రీన్, ఎర్త్ బ్లూ, స్టోన్ గ్రే. అంటే ఇటుక, ఇసుక, మట్టి, రాయి. మన చీరల కొట్లో వినిపించే పద్ధతే ఇది. చిలకపచ్చ, నెమలికంఠం, వంకాయ రంగు, మిరపపండు రంగు అంటే మా అమ్మకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. బ్రిక్‌లింక్ దారి వేరు. 2000లో మొదలైన ఈ సైట్‌ని 2019లో లెగో కంపెనీయే కొనేసింది, అయినా పాత పేర్లు అలాగే ఉన్నాయి. వాళ్ళకి వస్తువులతో పెద్దగా పని లేదు, ముదురా, లేతా అన్నదే ముఖ్యం. లైట్, మీడియం, డార్క్.

రెండు పద్ధతులూ విడివిడిగా బాగానే ఉంటాయి. కలిస్తేనే తంటా. కంపెనీ ‘డార్క్ గ్రీన్’ అనేది (వాళ్ళ నంబర్ 28) బ్రిక్‌లింక్‌లో ఉత్త ‘గ్రీన్’. బ్రిక్‌లింక్ ‘డార్క్ గ్రీన్’ అనేది కంపెనీకి ‘ఎర్త్ గ్రీన్’ (నంబర్ 141). ఒకే పేరుతో రెండు వేరు ముక్కలు అన్నమాట. ఒకటి బొమ్మల గడ్డి రంగు, ఇంకోటి దాదాపు నలుపులోకి దిగే అడవి రంగు. కొనేవాడు ఒకటి అనుకుంటాడు, అమ్మేవాడు ఇంకోటి పంపుతాడు, గొడవ పడటానికి ఇద్దరిలో ఎవరి తప్పూ ఉండదు. తెలుగువాళ్ళకి ఇది కొత్తేం కాదు లెండి. పొలం పచ్చగా ఉందంటే ఒక రంగు, కామెర్లొచ్చి కళ్ళు పచ్చబడ్డాయంటే ఇంకో రంగు. పక్కనున్న మాటే మనకి అర్థం చెప్తుంది. ప్లాస్టిక్ ముక్క పక్కన ఏ మాటా ఉండదు. లోపలివైపు చూస్తే అచ్చు నంబర్ మాత్రం ఉంటుంది. రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలుండే మామూలు ఇటుక మీద 3001 అని కనిపిస్తుంది. అది ఆకారానికి నంబర్, రంగుకి కాదు.

ఇప్పుడు బూడిద కథ. 2004 ప్రాంతంలో లెగో తన రెండు బూడిద రంగుల్నీ మార్చింది. అంతకుముందు వాటిలో కొంచెం పసుపు ఛాయ ఉండేది, మార్చాక నీలం ఛాయ వచ్చింది. గోధుమరంగు కూడా అప్పుడే ఎర్రగా మారింది. సేకరించేవాళ్ళు చాలా కోప్పడ్డారు. నిజమే కదా, పదేళ్ళుగా కడుతున్న కోటగోడకి కొత్త ముక్క పెడితే అతుకు వేసినట్టు కనబడుతుంది. బ్లూ, గ్రే కలిపి ‘బ్లే’ అని వెక్కిరింపు పేరు కూడా పెట్టారు. కంపెనీ కొత్తవాటికి మీడియం స్టోన్ గ్రే, డార్క్ స్టోన్ గ్రే అన్న పేర్లిచ్చింది. బ్రిక్‌లింక్ లైట్ బ్లూయిష్ గ్రే, డార్క్ బ్లూయిష్ గ్రే అంది.

నాకు బ్రిక్‌లింక్ పేరే నచ్చింది. కొత్త ముక్కని ఒంటరిగా చేతిలో పెడితే ‘నీలంగా ఉంది’ అని ఎవరూ అనరు. పాతది పక్కన పెడితేనే అంటారు. అంటే ఆ పేరులో రంగుతో పాటు, ‘ఇంతకుముందు ఇంకోటి ఉండేది’ అన్న చరిత్ర కూడా ఉంది. స్టోన్ గ్రే అన్న పేరులో ఆ చరిత్ర వినబడదు.

తేడా ఎంతంటారా? రీబ్రికబుల్ పట్టికలో పాత డార్క్ గ్రే ఆర్‌జీబీ విలువలు 109, 110, 92. కొత్త డార్క్ బ్లూయిష్ గ్రే 108, 110, 104. ఎరుపులో 1 తేడా, ఆకుపచ్చలో సున్నా, నీలంలో 12. అంతే! “ఫోన్‌తో ఫొటో తీసి పైథాన్‌లో నాలుగు లైన్లు రాస్తే పోయేదానికి ఇంత చదువెందుకు” అన్నాడు మా రూమ్మేట్. సీఎస్‌ఈ వాళ్ళందరికీ ముందు తట్టేది అదే. కానీ ఆలోచించండి. పాతకీ కొత్తకీ ఉన్న తేడా అంతా పసుపు నుంచి నీలం వైపు జరగడంలోనే ఉంది. పగటి వెలుగుకీ పాత బల్బు వెలుగుకీ ఉన్న తేడా కూడా ప్రధానంగా ఆ దారిలోనే ఉంటుంది. ఫోన్‌లో ఆటో వైట్ బ్యాలెన్స్ చేసే పనే ఆ దారిలో రంగుని అటూ ఇటూ జరపడం. మనం వెతికే తేడానే కెమెరా సర్దేస్తుంది. ప్రోగ్రామ్‌కి ఉత్త నంబర్ ఇస్తే అది గది లైటుని కొలుస్తుంది, ముక్కని కాదు.

అందుకే ‘ఇది ఏ రంగు’ అన్న ప్రశ్న వదిలేయాలి. ‘ఇది దానిలాగే ఉందా’ అని అడగాలి. పాత సెట్‌లో మాత్రమే వచ్చిన ప్రింట్ ఉన్న ముక్క ఒకటి, పుట్టిన ఏడాది ఖాయంగా తెలిసిన కొత్త సెట్ ముక్క ఒకటి తీసుకుని తెల్ల కాగితం మీద పెట్టాను. కిటికీ దగ్గర, పగలు, ట్యూబ్‌లైట్ ఆర్పేసి. మూడో ముక్కని ఆ రెంటి మధ్యకి జరిపితే సెకనులో తేలిపోతుంది. ఫొటో తీసినా అంతే. తెలిసిన రెండు ముక్కలూ అదే ఫ్రేమ్‌లో ఉంటే అప్పుడు ప్రోగ్రామ్ కూడా పనికొస్తుంది.

ఇంకో చిక్కుంది. ముక్కలు ఏబీఎస్ ప్లాస్టిక్. అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాన్ని పసుపెక్కిస్తాయి. ఎండ తగిలిన తెల్ల ముక్క గంధం రంగులోకి, కొత్త బూడిద పాత బూడిద వైపుకి జరుగుతాయి. అది రంగు కాదు, ముక్క పరిస్థితి. దాన్ని పాత బూడిద అని అమ్మితే, పాత కోట పూర్తి చేసుకుంటున్నవాడు ఎక్కడో డబ్బు పెట్టి మోసపోతాడు. అనుమానమొస్తే అడుగువైపు చూడండి. ఇంకో ముక్క కప్పిన చోట, వెలుగు తగలని చోట అసలు రంగు మిగిలి ఉంటుంది. పైనా కిందా రెండు రంగులుంటే అది ఎండ పని.

పారదర్శకం, ముత్యపు మెరుపు, క్రోమ్, చీకట్లో మెరిసేవి లాంటివి బ్రిక్‌లింక్ వేరే గుంపులుగా పెడుతుంది, అది మంచి పని. రంగు ఒక లెక్క, మెరుపు ఇంకో లెక్క. అవి ఏరడం తేలిక కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను.

నా కవర్ల మీద ఇప్పుడు పేరు, నంబర్, ఆ నంబర్ ఎవరిదో మూడూ రాస్తున్నాను. ‘లైట్ గ్రే, 9, బ్రిక్‌లింక్’. ‘లైట్ బ్లూయిష్ గ్రే, 86, బ్రిక్‌లింక్, 194, కంపెనీ’. అన్ని వైపులా సమానంగా పసుపెక్కి, అడుగు కూడా మారిపోయిన ముక్కలు గుప్పెడు మిగిలాయి. వాటిలో 2004 తర్వాతే పుట్టిన ఆకారాలు పాత బూడిద అయ్యే అవకాశం లేదు కాబట్టి అచ్చు నంబర్లు చూసి వాటిని ముందు తీసేస్తున్నాను. మిగతావి ‘బూడిద, ఏదో తెలీదు, పసుపెక్కింది’ అని రాసి తక్కువ ధరకి పెడదామని అన్నయ్యతో అన్నాను. “సగం నీదేగా, నీ ఇష్టం” అన్నాడు.