దసరా సెలవుల్లో ఒక పూట: మ్యూజియంలో మహిషాసురమర్దిని

నవరాత్రులు వచ్చేస్తున్నాయి కదా, ఈసారి పాఠం ఇంట్లో కూర్చుని కాదు. పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని ఒక పూట మ్యూజియానికి వెళ్దాం.

"పండగపూట గుడికెళ్ళాలి గానీ మ్యూజియమేంటమ్మా?" అని మా అత్తయ్య అననే అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అందుకే పొద్దున గుడి, మధ్యాహ్నం మ్యూజియం అని రాజీ పడ్డాం. గుళ్ళో అమ్మవారు పట్టుచీర, పూలదండల మధ్య ఉంటారు. క్యూలో మనకి దక్కేది హారతి వెలుగులో రెండు క్షణాలు. ఎన్ని చేతులున్నాయి, ఏ చేతిలో ఏముంది, పాదం ఎక్కడ ఆనింది, ఇవన్నీ తీరిగ్గా చూసే వీలు మ్యూజియంలోనే దొరుకుతుంది.

కానీ కథ తెలీకుండా వెళ్తే పది నిమిషాల్లో పిల్లలకి బోర్ కొట్టేస్తుంది. ముందురోజు రాత్రి కథ చెప్పేయండి. దేవీ మాహాత్మ్యం మార్కండేయ పురాణంలోది. 13 అధ్యాయాలు, 700 మంత్రాలు, అందుకే సప్తశతి అంటాం. రెండో అధ్యాయంలో దేవతలు అమ్మవారికి ఆయుధాలిస్తారు: శివుడు శూలం, విష్ణువు చక్రం, వరుణుడు శంఖం, వాయువు విల్లు, అమ్ములపొదులు, ఇంద్రుడు వజ్రం, ఐరావతం మెడలోని గంట. సింహాన్నిచ్చింది హిమవంతుడు. ఈ జాబితా ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికివ్వండి. విగ్రహంలో కనిపించిన ఆయుధానికల్లా టిక్కు పెట్టాలి. అదే ఆట.

అసలు మజా మూడో అధ్యాయంలో ఉంది. మహిషుడు దున్నపోతుగా వస్తాడు, సింహమవుతాడు, కత్తి పట్టిన మనిషవుతాడు, ఏనుగవుతాడు, మళ్ళీ దున్నపోతే. అమ్మవారు ఎగిరి వాడి మీదికెక్కి, మెడ మీద పాదం మోపి శూలంతో పొడుస్తుంది. వాడు దున్న నోట్లోంచి సగం బయటికి వస్తుండగానే కత్తితో తల నరికేస్తుంది.

ఇప్పుడు పిల్లల్ని అడగండి: "శిల్పి ఈ వీడియోని ఎక్కడ పాజ్ చేశాడు?" బాగా పాత విగ్రహాల్లో మహిషుడు పూర్తిగా దున్నపోతే. మహాబలిపురంలో 7వ శతాబ్దపు పల్లవుల గుహలో యుద్ధం ఇంకా నడుస్తోంది. ఎనిమిది చేతుల అమ్మ సింహం మీద కూర్చుని విల్లు పట్టింది. మనిషి ఒంటికి దున్న తల ఉన్న మహిషుడు గద పట్టుకునే వెనక్కి ఒరుగుతున్నాడు. తర్వాతి కాలం శిల్పాల్లో ఎక్కువగా తెగిన దున్న మెడలోంచి మనిషి బయటికి వస్తుంటాడు. పుస్తకంలో నోరు, రాతిలో మెడ! ఈ తేడా మా చిన్నదే పట్టేసింది, నేను కాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సేకరణలో 12వ శతాబ్దపు పాల శైలి దుర్గ ఉంది. జానెడు కూడా లేని ఆ రాతిలో 16 చేతులు!

చేయి విరిగిన ఒక విగ్రహం ముందు మా చిన్నది ఆగిపోయింది. "దండం పెట్టొచ్చా అమ్మా? చెప్పులేసుకున్నాం కదా?" నిజం చెప్పాలంటే నాకూ ఇబ్బందిగానే అనిపించింది. భిన్నమైన విగ్రహానికి పూజ చెయ్యరని మన ఆచారం. మ్యూజియంలో నిత్యపూజ ఉండదు, పూలు, కుంకుమ పెట్టకూడదు, ముట్టుకోకూడదు. అయినా ఏదో ఒక ఊరివాళ్ళు తరతరాలుగా మొక్కుకున్న రూపమేమో అది. నేనేం చెప్పాలా అని ఆలోచిస్తుంటే, అత్తయ్య చెప్పులు విడిచి, పక్కకి జరిపి, చేతులు జోడించారు. మేమూ అంతే చేశాం.

బయల్దేరే ముందు సెలవు రోజు చూసుకోండి. హైదరాబాద్ సాలార్‌జంగ్, చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలకి శుక్రవారం సెలవు. ఢిల్లీ నేషనల్ మ్యూజియానికి సోమవారం. పండగ రోజైతే తెరుస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంటికొచ్చాక మట్టి ముద్ద చేతికిచ్చి, చూసింది చూసినట్టు చెయ్యమనండి. మా చిన్నది దున్నపోతునీ, మెడలోంచి వస్తున్న మహిషుణ్ణీ చేసింది. వాణ్ణి బొమ్మల కొలువులో పెట్టొచ్చా అని మళ్ళీ ఇంట్లో చర్చ. "అమ్మవారి పాదం కింద ఉంటే పెట్టొచ్చు" అని అత్తయ్యే తేల్చారు.