నూనెలో పులుపెంత?

నూనె మంచిదో కాదో మా ఇంట్లో పెద్దవాళ్ళు వాసన చూసి చెప్పేస్తారు. ప్రయోగశాలలో ముక్కు సాక్ష్యం చెల్లదు, అంకె కావాలి. ఒక గ్రాము నూనెలో విడిగా ఉన్న ఫాటీ ఆమ్లాలను తటస్థం చేయడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో, అదే దాని ఆమ్ల విలువ.

ఈ ఆమ్లం ఎక్కడిది? మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1976 నుంచి పరిశోధిస్తున్న పల్లికాయనే తీసుకుందాం. సరిగా ఎండకుండా గోనెసంచిలోకి ఎక్కితే, గింజలోని లైపేజ్ ఎంజైము తేమ సాయంతో నూనెను విడగొట్టి ఆమ్లాలను వదులుతుంది.

శాంకవ కుప్పెలో 10 గ్రాముల నూనె తూచి, 50 మి.లీ. వేడి ఆల్కహాల్ పోస్తాను. ఆల్కహాల్‌ను ముందే తటస్థం చేసుకోవాలి. లేకుంటే దాని పులుపూ నూనె ఖాతాలో పడుతుంది. ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్ వదలాలి. నూనె, ఆల్కహాల్ సరిగా కలవవు కనుక కుప్పెను బాగా ఊపాలి. లేత గులాబి రంగు అర నిమిషం నిలిస్తే చాలు.

2 మి.లీ. ఖర్చయిందనుకోండి. 56.1 × 2 × 0.1 ÷ 10 = 1.12. ఓలియిక్ ఆమ్లంగా లెక్కిస్తే 0.56 శాతం అన్నమాట.

అంకె తక్కువైతే నూనె స్వచ్ఛమేనా? కాదు. శుద్ధి చేసిన చౌక నూనె కలిపినా ఈ అంకె తగ్గుతుంది! 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి నూనె కలిసి అరవై మందికి పైగా చనిపోయారు. అలాంటి కల్తీని పట్టేందుకు వేరే పరీక్షలున్నాయి. అందుకే రిపోర్టులో నేను "ఆమ్ల విలువ ఇంత" అని మాత్రమే రాస్తాను, "నూనె మంచిది" అని రాయను.